సుజాత అనుమతి కావాలి

"నేనే చంపిన" అంటాడు రామన్న. ఎలా చంపావని అడిగితే నోరు విప్పడు.

బూర్గంపాడు ఠాణాలో లాకప్ ఊచలకు ఇవతల ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని సుబ్బరత్నం ఆ ప్రశ్ననే ఎన్నో రకాలుగా తిప్పి తిప్పి అడిగింది. ఖమ్మం పోలీసుల కంప్యూటర్ విభాగంలో ఇన్‌స్పెక్టరుగా రిటైరై, ఖానాపురం హవేలిలోని ఇంటి ముందు గదినే ఆఫీసు చేసుకుని, సొంతంగా కేసులు చూసుకుంటున్న మనిషి ఆమె. చింత చచ్చినా పులుపు చావలేదని కోడలు దెప్పుతూనే టిఫిన్ బాక్సు సర్ది పంపిస్తుంది. ఆ బాక్సు పొద్దుటి నుంచీ మూత తీయకుండా సంచిలోనే ఉంది.

"దేంతో కొట్టావు?"

"కొట్టలే."

"తోశావా?"

"ముట్టలే అమ్మా. చెల్లెను నేనెందుకు ముట్టుకుంట?"

"మరి చంపానంటావేం?"

రామన్న ఊచలు పట్టుకున్న తన చేతుల వంక చూసుకున్నాడు. "సావమన్న. నువ్వు సస్తే మాకు పీడ వోతది అన్న. తెల్లారేసరికి సచ్చిపోయి ఉన్నది. ఇంకేం గావాలె?"

అంతే. ఆ తర్వాత గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మనిషి నోటి మాటకు అంత బలం ఉంటే ఈ భూమ్మీద పోలీసులతో పనే ఉండేది కాదని సుబ్బరత్నానికి అనిపించింది. కానీ చెల్లెలు పోయిన వాడితో ఆ మాట అనలేక లేచి బయటికి వచ్చింది.

వరండాలో ముత్తక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండేళ్ల కిందటి వానాకాలంలో అంగడి నుంచి నడిచి వస్తున్న మొగుణ్ణి అడవి దారిలో ఏదో బండి గుద్ది వెళ్లిపోయింది. అది ఏ బండో ఈనాటికీ తేలలేదు. ఇప్పుడు కూతురు సుజాత, తను పని చేసే మిర్చి గోదాంలో ఇనుప మెట్ల కింద తల పగిలి పడి ఉంటే పొద్దున్నే వచ్చిన హమాలీలు చూశారు. ఆ కూతుర్ని చంపాడని కొడుకును లోపల వేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు గానీ, ఈ తల్లికి ఆ రోకలి తన చేతిలోంచే జారిందన్న దిగులు. కొడుకు మీద పోలీసులకు దొరికిన మొదటి సాక్ష్యం ఆమె మాటే.

"ముత్తక్కా, ఫోన్‌లో సుజాత ఏమందో నాకు మళ్లీ ఒకసారి చెప్పు. ఒక్క మాట కూడా మార్చకు."

"ఏం మారుస్తనమ్మా. శెవుల్నే ఉన్నది." ముత్తక్క కొంగుతో మూతి ఒత్తుకుంది. "సోమవారం పొద్దుమూకినంక జేసింది. మస్తు సంబురంగ ఉన్నది. 'అమ్మా, హక్కులు తీసేసిన. ఇగ ఎవ్వరూ చెరపలేరు. రేపు అన్నను గోదాం కాడికి రమ్మను, చూపిస్త' అన్నది. నేను రామన్నకు చెప్పిన. వానికి పిచ్చి లేసింది."

"ఎందుకని?"

"హక్కులంటే ఇంకేంటియమ్మా, పోడు హక్కులు. మా నాయన కాలం నుంచి అడవి భూమి దున్నుతున్నం, హక్కుపత్రం రాలే. గూడెపోళ్ల దరఖాస్తులన్ని సుజాతనే కంప్యూటర్ల ఎక్కించేది. అన్న పేరు తీసేసి ఎవరికో రాసిందనుకున్నడు. పోయి తిట్టొచ్చిండు." కొంగు వేలికి చుట్టుకుంటూ, "రేపు దానికి దినం. అన్న లేకుంట ఆ పిల్లకు దినం ఎట్ల జేస్త?" అంది.

సుబ్బరత్నం ఆమె పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. ధైర్యం చెప్పే మాటలు ఆమెకు ఎప్పుడూ రావు, వచ్చినా ఈ తల్లి ముందు చెల్లవు.

గుమ్మంలో బూట్ల చప్పుడైంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బలరాం టోపీ చేత్తో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "మేడం, కింద కూసున్నరేంది? కుర్చీ ఏపిస్త."

"కుర్చీ వద్దు బలరాం గారూ, కాస్త టైం ఇవ్వండి చాలు."

"టైం లేదు. సాయంత్రం మేజిస్ట్రేట్ ముందర పెడుతున్న. పోడు హక్కుల తగాదా, అన్నాచెల్లెండ్ల గొడవ. తల్లి చెప్పింది, వాచ్‌మన్ చెప్పిండు, వాడే ఒప్పుకున్నడు. ఇంక మీరేం తవ్వుతరు?"

"వాడు ఒప్పుకున్నది తిట్టానని."

"తిట్టినోడే తోసిండు. నిప్పు లేంది పొగ రాదు."

"పొగ వచ్చిన ప్రతి ఇంట్లోనూ నిప్పు పెట్టింది ఆ ఇంటివాడే కానక్కర్లేదు. గోదాం వాళ్ల సంగతేమిటి?"

బలరాం విసుగు దాచుకోలేదు. "ఓనర్ జయప్రకాశ్ సారు ఆ రాత్రి సరుకుతోని గుంటూరు యార్డుల ఉన్నడు. ఆయన భార్య నాగలత మేడం మధిరల, వాళ్లమ్మ రాఘవమ్మగారి కాడ. మర్నాడు పొద్దెక్కినంక వచ్చింది. స్టేట్‌మెంట్ రాసి సంతకం పెట్టింది. దినానికి బియ్యం, బట్టలు గూడ ఆమెనే పంపుతున్నది, తెలుసా మీకు?"

"ఆ గదిలో కంప్యూటర్ చూశారా?"

"కంప్యూటర్ మెట్ల మీదికెళ్లి తోసిందంటరా? ఆ రోజు నుంచి గది సీల్‌ల ఉన్నది. ఇప్పుడే సీల్ తీసి తాళం నాగలత మేడంకు ఇయ్యబోతున్న. వస్తే రండ్రి, చూసి పొండ్రి."

అతను ఒప్పుకున్నది పెద్దరికం మీద గౌరవంతో కాదు, గోల వదిలించుకుందామని. ఎందుకైనా సరే, ఒప్పుకున్నాడు.

గోదాం దగ్గర కిషన్‌లాల్ ముందే వచ్చి ఎదురుచూస్తున్నాడు. భద్రాచలంలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం అతనిది. వెనక గదిలో క్లాసులు చెబుతాడు. తాతలు రాజస్థాన్ వాళ్లే అయినా అతని మాట మాత్రం ఈ నేల మీదే పుట్టింది. సుజాత అతని క్లాసులో చదువుకున్న పిల్ల. ఈ గోదాంకు మెషీను అమ్మింది, రిపేర్లు చేసేది కూడా అతనే. అన్న చంపాడంటే నమ్మకం కుదరక సుబ్బరత్నానికి ఫోన్ చేసి పిలిపించిందీ అతనే.

"మా క్లాసుల నంబర్ వన్ మేడం" అన్నాడు ఇనుప మెట్లెక్కుతూ. "నేను ఒక్కసారి చెప్తే సాలు. నాకే మళ్ల నేర్పేది."

పై మెట్టు దగ్గర సుబ్బరత్నం ఆగి కిందికి చూసింది. కడిగిన సిమెంటు మీద తెల్లగా మరక మిగిలింది. చుట్టూ ఎండుమిరప ఘాటు. తనకు కళ్లనీళ్లు వచ్చింది ఆ ఘాటుకేనని సరిపెట్టుకుని ఆమె లోపలికి నడిచింది. బలరాం అప్పటికే సీల్ తెంచాడు.

చిన్న గది. ఒక బల్ల, ఒక కుర్చీ, కుర్చీ వెనక్కి వేలాడుతూ సుజాత చున్నీ. దాన్ని తీయడానికి ఎవరికీ మనసు రాలేదు. సుబ్బరత్నం కుర్చీ అంచున కూర్చుని కంప్యూటర్ మీట నొక్కింది.

"ఎండన పడి వచ్చారు, ముందు మజ్జిగ తీసుకోండి."

గుమ్మంలో నాగలత నిలబడి ఉంది, స్టీలు చెంబు, గ్లాసులు పట్టుకుని. యాభై లోపు మనిషి. కళ్లు బాగా వాచి ఉన్నాయి. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదని సుబ్బరత్నం చూడగానే గ్రహించింది, అందుకే ఆమెను కూర్చోమంది.

"ఫరవాలేదండీ, ఈ గదిలో కూర్చోలేను" అంది నాగలత. "వాళ్ల నాన్న పోయాక ఆ పిల్లను నేనే పిలిచి పనిలో పెట్టుకున్నాను. మౌస్ పట్టుకోవడం కూడా రాదప్పుడు. కిషన్ గారి క్లాసుకు ఫీజు కట్టి పంపింది నేనే. నాకు ఆడపిల్లలు లేరు."

"ఆమె పోయాక మీరు ఈ గదిలోకి వచ్చారా?"

"ఎక్కడండీ, పోలీసులు మూసేశారుగా. అంతకుముందు నాలుగు రోజులూ మధిరలోనే ఉన్నాను."

తెర వెలిగింది. రెండు పేర్లు కనబడ్డాయి: సుజాత, గోదాం. మొదటిది పాస్‌వర్డ్ అడిగింది. రెండోది అడక్కుండానే తెరుచుకుంది. అది అందరూ వాడే ఖాతా. తెరుచుకోవడంతోనే చీపురు బొమ్మ ఒకటి మూలన గిర్రున తిరిగి, తెర మధ్యలో ఒక పెట్టె పడింది. నిర్వాహకుల పాస్‌వర్డ్ ఇస్తే తప్ప ముందుకు కదలనని దాని గోల. పెట్టెలో సుజాత పేరుంది, పక్కన ఖాళీ గడి.

"ఏమిటిది?"

"క్లీనర్ మేడం. పాత చెత్తంత సాఫ్ జేసే సాఫ్ట్‌వేర్. మెషీన్ నిండిపోకుండ నేనే పెట్టిచ్చిన. రోజూ దానంతట అదే నడుస్తది. గేటు కెమెరా ఇప్పుడు పాడై ఉన్నది గాని, దాని పాత రికార్డింగులు గూడ అదే తుడుస్తది, నాగలత మేడం తుడవమంటే అట్ల సెట్ జేసిన."

"మరి పాస్‌వర్డ్ ఎందుకు అడుగుతోంది?"

కిషన్‌లాల్ వంగి చూశాడు. వైద్యుడు నాడి పట్టుకున్నట్టు మౌస్ మీద చెయ్యి వేసి రెండు చోట్ల నొక్కాడు. "మంది ఏం జేస్తరంటే, ముందుగాల బంద్ జేసి మళ్ల చాలూ జేస్తరు. గట్ల గాకుంటే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ల ఎక్కిస్తరు. అంత దండగ. ఎక్కించనీకె గూడ గదే పాస్‌వర్డ్ అడుగుతది. బీమారి సాఫ్ట్‌వేర్‌ల లేదు మేడం, ఖాతాల ఉన్నది. ఇగో, గోదాం ఖాతాకు మొదట ఫుల్ పవర్ ఉండె. ఇప్పుడు మామూలు ఖాతా అయింది. హక్కులు తీసేసిండ్రు."

సుబ్బరత్నం చెయ్యి బల్ల మీదే ఆగిపోయింది.

"మళ్లీ అను."

"ఏంది?"

"ఇప్పుడన్న మాట."

"హక్కులు తీసేసిండ్రు అన్న. అడ్మిన్ హక్కులు. మా క్లాసుల అందరం గట్లనే అంటం. ఫుల్ హక్కులు, మామూలు హక్కులు. పర్మిషన్ గిర్మిషన్ అంటే పిల్లలకు ఎక్కదు. హక్కు అంటే ఈడ అందరికి తెలుసు గదా అని..."

చెబుతూ చెబుతూనే అతని గొంతు తగ్గిపోయింది. ముత్తక్క మాట అతనూ విన్నవాడే.

సుబ్బరత్నం బలరాం వైపు తిరిగింది. "హక్కులు తీసేసిన, ఇగ ఎవ్వరూ చెరపలేరు. ఆ పిల్ల తల్లితో చెప్పింది ఈ చీపురు సంగతి. పోడు ఊసే లేదు ఇందులో. ఏదో చెరిగిపోకుండా దాచింది. దాన్ని చూపించడానికే అన్నను రమ్మంది."

బలరాం వెంటనే లొంగే మనిషి కాదు. "కావచ్చు. వాడు తప్పుగ సమజైండు, తప్పుగ సమజై తోసిండు. ఖూనీ ఖూనీనే గదా?"

"చూద్దాం. వాచ్‌మన్ ఏం చెప్పాడు మీకు?"

"రామన్న కింద నిలబడి లొల్లి జేసిండు, పిల్ల పైన నిలబడ్డది. ఆరు కొట్టకముందే వాడు గేటు దాటిండు. వాచ్‌మన్ తిననీకె ఇంటికి పోయిండు. ఆడు లేనప్పుడు రామన్న మళ్ల లోపటికి వచ్చిండని నా లెక్క."

"సరే." సుబ్బరత్నం క్లీనర్ పేజీ తెరిచింది. తను చేసిన పని తనే రాసుకునే అలవాటు ఈ సాఫ్ట్‌వేర్లకు ఉంటుంది. సోమవారం దాకా రోజుకొక్కసారి, అంతా శుభ్రం. మంగళవారం మధ్యాహ్నం ఒకసారి, అనుమతి లేదని. అదే మంగళవారం సాయంత్రం ఏడు దాటాక మాత్రం అదే మాట మళ్లీ మళ్లీ, పేజీ కిందిదాకా. "ఏడు దాటాక ఈ కుర్చీలో కూర్చుని ఎవరో దీన్ని నొక్కుతూనే ఉన్నారు. పాస్‌వర్డ్ తెలియక, నొక్కిందే నొక్కారు. సుజాతకు పాస్‌వర్డ్ తెలుసు, ఆమెకు ఆ అవస్థ లేదు. రామన్నకు కంప్యూటర్ ఎక్కడ వెలిగించాలో కూడా తెలియదు. మరి ఎవరు?"

కిషన్‌లాల్ అయోమయంగా తల గోక్కున్నాడు.

"అది మేడం గదా" అన్నాడు. "మంగళవారం రాత్రి నేను దుకాణం మూస్తుంటే ఫోన్ జేసింది. క్లీనర్ పనిజేస్తలేదు, పాస్‌వర్డ్ అడుగుతున్నది, జల్దీ చెప్పమన్నది. గిసుంటి కంప్లైంట్లు నాకు దినాం వస్తుంటయి, అందుకే మతిల పెట్టలే."

"ఏ మేడం?"

అతను గుమ్మం వైపు చూశాడు. "నాగలత మేడం."

నాగలత చెంబును కింద పెట్టింది. తొణక్కుండా, జాగ్రత్తగా పెట్టింది. "అవును, చేశాను. మధిర నుంచి చేశాను. క్లీనర్ పనిచేయట్లేదని సుజాతే నాకు ఫోన్ చేసి చెప్పింది. కిషన్ గారిని అడిగి చెబుతానన్నాను. అందులో వింతేముంది?"

చక్కని జవాబు. బలరాం మొహంలో ఊరట కూడా కనబడింది. సుబ్బరత్నం ఆ ఊరటను ఎక్కువసేపు ఉండనివ్వలేదు.

"హక్కులు తీసేసిందే సుజాత. పాస్‌వర్డ్ పెట్టింది సుజాత. తను వేసిన తాళం తీయడం రావట్లేదని మీకు ఫోన్ చేసిందంటారా?"

నాగలత తల దించుకుని చేతిలోని గ్లాసులు ఒకదానిలో ఒకటి పెట్టింది.

"కిషన్, ఆవిడకు నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్పిన... పాస్‌వర్డ్ సుజాత కాడ ఉంటది, ఆమెనే అడుగుండ్రి అన్న." అన్నాక ఆ మాటకు అర్థం అతనికి అప్పుడే తగిలింది. "మేడం, నేనే పంపిన్నా? నేనే..."

"పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో చెప్పావు, అంతే. కూర్చో" అంది సుబ్బరత్నం. అతను కూర్చోలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

తెర మీద మామూలు ఫోల్డర్లే ఉన్నాయి: బిల్లులు, హమాలీలు, గుంటూరు. వాటి నడుమ, ఏ దాపరికమూ లేకుండా, తెలుగులో పేరు పెట్టిన ఫోల్డర్ ఒకటి: నాయిన.

సుబ్బరత్నం దాన్ని చెరపబోలేదు, సాక్ష్యం అది. పేరు చివర ఒక్క అక్షరం చేర్చి చూసింది. వెంటనే ఒక పెట్టె తెర మీదికి వచ్చింది. బలరాం ముందుకు వంగి ఇంగ్లీషులో ఉన్నది కూడబలుక్కుని చదివి, తెలుగులో గొణిగాడు.

"'ఈ ఫోల్డర్‌ల మార్పు జెయ్యాలంటే సుజాత అనుమతి కావాలి.'"

మూడు రోజుల కిందట మట్టి చేసిన పిల్ల అనుమతి. అది యంత్రం తన మానాన తను చెప్పే మాటేనని సుబ్బరత్నానికి తెలుసు, ఉద్యోగంలో వందసార్లు చూసింది. అయినా ఆ వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదివింది. నాగలత కూడా ఆ సాయంత్రం ఇదే వాక్యం చదివి ఉంటుంది.

"మార్చడానికే అనుమతి కావాలి" అంది మెల్లగా. "చూడటానికి అక్కర్లేదు. ఆ పిల్ల అలా పెట్టింది. ఎవరైనా చూడొచ్చు, ఎవరూ చెరపలేరు."

తెరిచింది. ఒకే ఒక్క వీడియో. గోదాం గేటు కెమెరా తీసింది. వాన, మసక వెలుతురు. తెల్ల కారు ఒకటి లోపలికి వచ్చి ఆగింది. ముందు దీపం ఒకటి పగిలి ఉంది. నడిపే సీట్లోంచి నాగలత దిగింది, తడుస్తూ ముందుకు వచ్చింది, బంపర్ సందులో ఇరుక్కున్న దేన్నో రెండు చేతులా గుంజింది. అది ఊడి చేతికి వచ్చింది. కాసేపు దాన్ని పట్టుకుని అలాగే నిలబడి, తర్వాత గోడ అవతలికి విసిరేసింది.

"టైరుతోని జేసిన చెప్పు అది" అన్నాడు బలరాం. మూలనున్న తేదీని వేలితో చూపించాడు. "వాళ్ల నాయన పోయిన దినం. నేను అప్పుడు ఎస్సైని. పంచనామా నేనే రాసిన. శవం కాడ ఒక్క చెప్పే దొరికింది. రెండోది వాగుల కొట్టుకపోయిందని రాసిన."

"ఇదెక్కడిది కిషన్? పాతవన్నీ తుడుస్తుందన్నావుగా?"

కిటికీ దగ్గర్నుంచే జవాబు వచ్చింది. "పాత మెషీన్ అటక మీద ఉండె. సారు దాని డిస్క్ తీసి దీనికి తగిలియ్యమంటే పోయిన వారం తగిలించిన. కెమెరా అప్పట్ల దాంట్ల గూడ ఎక్కేది, దానికి క్లీనర్ లేకుండె. డిస్క్ సర్దుకొమ్మని సుజాతకే చెప్పిన."

సర్దుతూ సర్దుతూ ఆ పిల్ల తండ్రి చావును చూసింది. కేకలు పెట్టలేదు. చీపురు ముట్టకుండా ఆ ఒక్క ముక్కనూ కాపాడుకుంది, అన్నకు చూపించి ఏం చేద్దామో అడగాలనుకుంది. తల్లికి ఫోన్‌లో వినిపించిన సంబరం ఆ కాపాడుకోవడం వల్ల వచ్చిందే.

నాగలత గుమ్మంలోనే, గడప మీద కూలబడింది.

"వానలో కనబడలేదండీ" అంది. "ఆగాను. దిగాను కూడా. అప్పటికే పోయాడు."

"పోయాడని మీకెలా తెలిసింది?"

అది రెండేళ్లుగా నాగలత తనను తానే అడుగుతూ ఉన్న ప్రశ్న అయి ఉంటుంది.

"ఆ ఇంటికి ఏదైనా చేద్దామనే సుజాతను పిలిచాను. నిజంగా పెంచుకున్నాను. మంగళవారం సాయంత్రమే వచ్చేశాను మధిర నుంచి. సుజాత పక్క గదిలో శాంపిల్ సంచులు సర్దుతోంది. నేను ఇక్కడ కూర్చున్నాను, ఆ పేరు కనబడింది, తెరిచాను. చెరపబోతే కుదరలేదు. పిలిచి పాస్‌వర్డ్ చెప్పమన్నాను. బతిమాలాను, కాళ్లు పట్టుకుంటానన్నాను." ఆమె అరచేతులు చూసుకుంది. "'మీరు చూడొచ్చు మేడం, చెరపలేరు' అంది. అరవలేదు, తిట్టలేదు. చెప్పులేసుకుని బయటికి నడిచింది. మెట్ల దగ్గర చెయ్యి పట్టి ఆపాను. విదిలించుకుంది. నేను తోసేశాను."

తోసేశాను అన్న మాట ఆమె అంత స్పష్టంగా అంటుందని సుబ్బరత్నం కూడా అనుకోలేదు. ఈ మనిషి మీద కోపం తెచ్చుకోవాలని చూసింది. వచ్చింది, కానీ ఆ కోపం పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది. రెండూ పనికిరానివే.

బలరాం ఠాణాకు ఫోన్ చేసి మహిళా కానిస్టేబుల్‌ను పంపమన్నాడు. తర్వాత టోపీ పెట్టుకుని, మళ్లీ తీసేసి, సుబ్బరత్నం వంక చూడకుండా అన్నాడు: "రామన్నను నేను అడిగింది ఒక్కటే ప్రశ్న మేడం. ఎందుకు చంపినవ్ అని. ఇంకేం అడగలే."

"మిగిలింది నేను అడుగుతాను, పదండి. మీ స్టేట్‌మెంట్‌కు కూడా అవసరమే."

ఠాణాలో లాకప్ తలుపు తీసి రామన్నను వరండాలోకి తెచ్చారు. ముత్తక్క కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది. సుబ్బరత్నం ఇద్దరికీ జరిగిందంతా చెప్పింది, హక్కులన్న మాటతో మొదలుపెట్టి. కంప్యూటర్ హక్కులు వేరని, నీ పేరు చెల్లెలు ఎక్కడా తీయలేదని, నాన్నను గుద్దిన బండిని పట్టుకుందని, అది నీకు చూపిద్దామని పిలిచిందని. ముత్తక్క వింటూ వింటూ పైటలో మొహం దాచుకుంది. రామన్న మాత్రం రెప్ప వేయకుండా విన్నాడు. నాగలత పేరు చెప్పినప్పుడు ఒక్కసారి తలెత్తాడు.

"ఒక్క సంగతి చెప్పు రామన్నా. నువ్వు తిట్టి గేటు దాటాక ఎటు వెళ్లావు?"

బలరాం రాసుకోవడానికి కాగితం తీసి, ఎందుకో రాయకుండా ఆగాడు.

"ఎటూ పోలే అమ్మా. రోడ్డు అవుతల చాయ్ బండి కాడ కూసున్న. శానాసేపు కూసున్న. గట్ల అనొద్దుండె అనిపిచ్చింది. చిన్న పిల్ల, నా ఎనకాలనే పెరిగింది. పోయి బువ్వ తిన్నవా అని అడిగి, ఇంటికి తోల్కపోదామని లేచిన."

"వెళ్లలేదే మరి?"

"అప్పుడే మేడం కారు గేట్ల నుంచి లోపటికి పోయింది." రామన్న తల్లి చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుని మొహం మీద పెట్టుకున్నాడు. "మేడం వచ్చింది, మంచిగైంది, చెల్లెకు తోడున్నది అనుకొని ఇంటికి పోయిన."